ఓడించింది మేమే

పార్టీ కేంద్ర కార్యాలయం,
మేడమీది చిన్న గది.

వదినకు,

నమస్కారం. అన్నయ్యకు కూడా నమస్కారం చెప్పు. విని తల ఊపి మళ్ళీ కత్తెర పట్టుకుంటాడని తెలుసు, అయినా చెప్పు.

ఫోన్ చేద్దామంటే ఇక్కడి గోడలకు చెవులే కాదు, పదవుల మీద ఆశ కూడా ఉంది. అందుకే ఉత్తరం.

ఓడిపోయాక మా ఆఫీసు ఎలా ఉందో నువ్వు చూడాలి. గెలుస్తామనుకున్న రోజుల్లో కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. ఇప్పుడు కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటెక్కి గోడవైపు తిరిగి ఉన్నాయి. ఓటమికి కారణాలు తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కార్యదర్శిగారు దానికి పెద్ద. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నివేదిక రాసే పని నాకు పడింది. రోజుకు నలుగురైదుగురు వచ్చి, తాము తప్ప మిగతా అందరూ ఏ తప్పు చేశారో చెప్పి, టీ తాగి వెళ్తున్నారు. ప్రచారం చూసినాయన పోస్టర్లు వేయించినాయన్ని అంటాడు. పోస్టర్లాయన రంగులు వెలిశాయని వానను అంటాడు. వానకు అనడానికి ఎవరూ లేరు కాబట్టి అక్కడికి ఆగింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ ఒక్కరూ పిడికిలి విప్పడం లేదు.

చివరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు. జనం మోసం చేశారట. నిజం చెప్పనా, నాకూ అలాగే ఉంది. ఊళ్ళో ఏ వీధి పోయినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. మన వీధి బూత్‌లో మనం ఓడిపోయాం వదినా. పార్టీ పుట్టినప్పటి నుంచి దాని జెండాలు కుట్టిన వీధి. ఆ ఒక్క బూత్ నిలబడి ఉంటే సీటే నిలబడేది.

"అక్కడ వార్డు అధ్యక్షురాలు ఎవరు?" అని కార్యదర్శిగారు అడిగారు. నేను రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. నువ్వు నా వదినవని ఆయనకు తెలియదు.

ఏం జరిగింది? ఎవరు అమ్ముడుపోయారు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది ఎవరు? దాచకుండా రాయి.

నీ మరిది


కుట్టు షెడ్డు,
కిటికీ పక్క మిషను.

కలెక్టరుకు,

చెవి వెనక పెన్సిలు పెట్టుకుని తిరిగేవాడివని వీధి నీకు పెట్టిన పేరు ఇది. అక్కడ ఏమని పిలుస్తారో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం నువ్వింకా కలెక్టరువే.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "ఊఁ" అన్నారు. అది నీ నమస్కారానికో, ఓటమికో అడగలేదు.

మీ ఆఫీసులో ఆడలేక మద్దెల ఓడంటున్నారని అర్థమైంది. మద్దెల తరఫున నేను రెండు మాటలు చెబుతాను, విను.

ఎన్నికలొస్తే మన షెడ్డు ఎలా ఉంటుందో నువ్వు మర్చిపోయి ఉండవు. మీ అన్నయ్య థాన్లు పరిచి పొరల మీద పొరలు వేసి కోస్తారు. మేమంతా అంచులు మడిచి కుడతాం. కర్ర దూరే గొట్టం దగ్గర కుట్టు రెండుసార్లు వెయ్యాలి, లేకపోతే గాలికి చిరుగుతుంది. పక్కవాళ్ళ జెండాలూ మనమే కుడతాం, కూలికి. మనవి మాత్రం అభిమానానికి. ఇది నీకు తెలుసు. నీకు తెలియనిది ఏమిటంటే, కుట్టు పని అయ్యాక మీ వాళ్ళు వచ్చి మమ్మల్ని బండెక్కించి మిగతా వీధులకు తీసుకెళ్తారు. పెద్ద మేడల వీధికి, బస్సు డిపో వెనక క్వార్టర్లకు. అక్కడ గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఓటు అడగాలి. బొత్తాలవ్వ కూడా వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. సాయంత్రం మళ్ళీ మన వీధి మొదట్లో దించేస్తారు. మీ వాళ్ళలో మా గుమ్మం ఎక్కి మమ్మల్ని అడిగినవాడు నేను కాపురానికి వచ్చాక ఒక్కడు లేడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, అందుకేనేమో.

ప్రచారం ముగియడానికి ముందు రోజు సాయంత్రం అభ్యర్థిగారి జీపు మన వీధి మొదటికి వచ్చింది. వచ్చి వెళ్ళిపోయింది. దాని గురించి ఇప్పుడు రాయను, కోపంతో రాస్తే సూది వంకర పోతుంది.

గెలిచినాయన మాత్రం వచ్చాడు. నడిచి వచ్చాడు. నా మిషను మీద కూర్చుని "నేను కుట్టనా?" అని తొక్కాడు. తన చొక్కా చెయ్యే సూది కింద పెట్టుకుని కుట్టేసుకున్నాడు. దారం కోసి విడిపించడానికి కాజాల మేస్త్రి రావలసి వచ్చింది. అంత పనికిమాలిన చెయ్యి నేను చూడలేదు. కానీ వచ్చాడు, అడిగాడు.

నువ్వు ఓడిన వీధి అంటున్నావు గానీ, ఓడిన వీధిలా ఏం లేదిక్కడ. మిగిలిన గుడ్డతో దిండు గలేబులు కుడుతున్నాం. మిషన్ల చప్పుడులో ఎవరో ఒకరు పాట అందుకుంటున్నారు. నాకే వింతగా ఉంది.

ఒక్క సంగతి. ఎవరో అమ్ముడుపోయారని మాత్రం రాయకు. నీ గుండ్రటి అక్షరాలతో అసలే రాయకు.

ఇక నా ఓటు సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అలాగే ఉండనీ.

వదిన


కేంద్ర కార్యాలయం.

వార్డు అధ్యక్షురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. ఓటమి కారణాలను పరిశీలిస్తున్న కమిటీ సభ్యులు త్వరలో మీ వార్డుకు స్వయంగా వస్తున్నారు. ఆ సందర్భంగా మీరూ, మీ పరిధిలోని కార్యకర్తలూ కుట్టు షెడ్డులో హాజరుగా ఉండవలసిందిగా కోరుతున్నాం. కమిటీ అడిగిన ప్రశ్నలకు క్లుప్తంగా జవాబులిస్తే చాలు. ఇతర విషయాలు ప్రస్తావించకపోవడం మీకే మంచిది.

మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. అన్నయ్యగారి ఆరోగ్యం కూడా.

ఇట్లు,
కార్యాలయ లేఖకుడు


కుట్టు షెడ్డు.

ఒరే,

ఎవరికి రా "మీరు"? నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొత్తాలు పెట్టిన దాన్ని. స్కూలు ఎగ్గొట్టి థాన్ల వెనక దాక్కుంటే మీ అన్నయ్యకు చెప్పకుండా కాపాడిన దాన్ని. ఇప్పుడు "హాజరుగా ఉండవలసిందిగా" నా? మీ అన్నయ్యకు చదివి వినిపిస్తే కత్తెర కింద పెట్టి, "అన్నయ్యగారి ఆరోగ్యం కూడా" అన్న ముక్క మళ్ళీ చదివించుకున్నారు. నవ్వారో, బాధపడ్డారో, ఆయన మీసం కింద ఏం తెలిసి చస్తుంది.

నువ్వు నాకు మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు కూడా ఇలాగే వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డావు. అద్దం పగలగొట్టింది గాలి అన్నావు. ఆ రోజు గాలి లేదు.

కాబట్టి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా అసలు సంగతి రాయి. ఆ కమిటీ వస్తున్నది ఏం జరిగిందో తెలుసుకోవడానికా, ముందే తేల్చుకున్నది చెప్పడానికా? నా పేరు ఎక్కడ రాశావు? ఎవరు రాయించారు?

నేను భయపడతానని దాస్తున్నావేమో. వానాకాలంలో షెడ్డు పైరేకు ఎగిరిపోతే, గుడ్డ తడవకుండా దాని మీద పడుకున్న దాన్ని నేను. మీ కార్యదర్శికి భయపడతానా?

వదిన


మేడమీది గది, తలుపు వేసుకుని.

వదినా,

తప్పయింది. ఆ ఉత్తరం, చివరి ఆరోగ్యాల ముక్క తప్ప, నేను రాస్తుంటే కార్యదర్శిగారు నా కుర్చీ వెనక నిలబడి చదివారు. అది నిజమే గానీ, సాకు కూడా. ఆయన లేకపోయినా నేను అలాగే రాసేవాణ్ణేమో. నీకు సూటిగా చెప్పే ధైర్యం లేకపోయింది.

చిత్తు నివేదిక తయారైంది. అన్ని పేజీలూ నా చేత్తోనే రాశాను. ఓటమికి ముఖ్య కారణం అన్న చోట మొదట "ఓటర్ల కృతఘ్నత" అని రాయించారు. పార్టీ అధ్యక్షుడైన పెద్దాయనకు అది నచ్చలేదు. "జనాన్ని తిట్టి ఏ పార్టీ బతికింది? మనిషిని చూపించండి" అన్నారట. అప్పుడు ఆ మాట కొట్టేసి, "వార్డు అధ్యక్షురాలి నమ్మకద్రోహం" అని రాయించారు. నీ పేరు వదినా. నీ పేరు నా చేత్తో రాశాను. రాసేటప్పుడు కలం ఆగలేదు, అదే నన్ను తినేస్తోంది.

వాళ్ళు వచ్చేది విచారణకు కాదు. అందరి ముందూ నిన్ను బహిష్కరిస్తున్నామని చదవడానికి. మర్నాడు పేపర్లో వేయిస్తారు. ఇన్నేళ్ళు నువ్వు మోసిన జెండా, మెట్లెక్కిన మేడలు, అన్నీ పోయి నీ పేరు పక్కన ద్రోహి అన్న మాట మిగులుతుంది. అభ్యర్థిగారికి మచ్చ పడదు, కార్యదర్శిగారికి పడదు, పోస్టర్లాయనకు పడదు. అత్త మీది కోపం దుత్త మీద.

ఒక దారి ఉంది. వాళ్ళు చదవకముందే నువ్వు క్షమాపణ చెబుతూ రెండు ముక్కలు రాసిస్తే బహిష్కరణ తీసేసి, కొన్నాళ్ళు పక్కన పెడతామన్నారు. తప్పు జరిగిందని ఒప్పుకుంటే చాలు, ఏ తప్పో చెప్పనక్కర్లేదట. నేనే రాసి పంపనా? నువ్వు సంతకం పెడితే సరిపోతుంది. నీ మాట పోకుండా చూడాలని తప్ప నాకు ఇంకేం లేదు.

నన్ను మన ఊరికి తీసుకురావడం లేదు. ఎవరో చెప్పేశారు, నేను నీ మరిదినని.

తొందరగా రాయి.

మరిది


కుట్టు షెడ్డు,
అందరూ వెళ్ళిపోయాక.

కలెక్టరుకు,

నువ్వు రాసి పంపుతానన్న క్షమాపణ పంపనక్కర్లేదు. వాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను. మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని చదువు, మధ్యలో నవ్వొస్తుంది.

రెండు కార్లలో వచ్చారు. కార్లు మన వీధిలో పట్టవు కదా, దిగి నడిచారు. పార్టీ పెద్దలు మన వీధిలో నడవడం నేను చూడడం ఇదే మొదలు. ఓట్లడగడానికి ఇరుకైన వీధి, నిలదీయడానికి ఎలా వెడల్పయిందో. కుర్చీలు లేవు, థాన్ల కట్టల మీద కూర్చోబెట్టాం. కార్యదర్శిగారి కట్ట మెత్తటిది, కూర్చున్న కొద్దీ కిందికి దిగిపోతున్నారు. మిషన్లన్నీ ఆగిపోయాయి. నీ దగ్గర దాచడమెందుకు, ద్రోహి అనిపించుకుని ఈ వీధిలో రేపటి నుంచి ఎలా నడవాలా అనుకున్నాను.

ఆయన కాగితం తీసి చదివారు. నీ అక్షరాలే, దూరం నుంచే గుర్తుపట్టాను. "వార్డు అధ్యక్షురాలి నమ్మకద్రోహం వల్ల ఈ స్థానంలో పార్టీ ఓడిపోయింది."

బొత్తాలవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఎవరి వల్ల ఓడావన్నావు నాయనా?"

"ఈవిడ వల్ల."

"దీని వల్లా? దీని మాట ఎవడు విన్నాడిక్కడ? మా గుమ్మాల ముందు నిలబడి గొంతు పోయేలా అడిగింది. మేం వినలేదు. నిన్ను ఓడించింది నేను."

కార్యదర్శిగారు మళ్ళీ కాగితంలోకి చూసుకున్నారు. ఈలోగా కాజాల మేస్త్రి లేచాడు. "అవ్వ ఒక్కతే ఓడించినట్టు చెప్పుకుంటుందేమిటి? మా ఇంట్లో అందరం ఓడించాం." ఇస్త్రీ చేసే అక్క లేచింది. "అసలు ఈసారి వెయ్యొద్దని మొదట అన్నది నేను. కావాలంటే మా ఆయన్ని అడగండి." "మొదట నువ్వా? నువ్వన్నాక కూడా రెండు రోజులు ఊగిసలాడావు," అంది ఆవిడ తోడికోడలు. పెళ్ళి పందిట్లో ముందు వరస కోసం కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. ఓటమికి కారణం ఎవరో తేల్చడానికి మీ వాళ్ళకు ఇన్ని నెలలు పట్టింది. మన వీధిలో నేనంటే నేనని వరస కట్టారు.

కార్యదర్శిగారు కట్టలోంచి పైకి లేవడానికి ప్రయత్నిస్తూ అన్నారు: "అవతలివాళ్ళు మీకు ఎంత ముట్టజెప్పారో అది చెప్పండి ముందు."

అవ్వకు అప్పుడొచ్చింది కోపం. "చూడు నాయనా, నేను కుట్టిన బొత్తాం ఇంకెవరో కుట్టారంటే ఊరుకోను. ఇదీ అంతే. మమ్మల్ని ఎవరూ కొనలేదు. వాన చెయ్యలేదు, ఇది చెయ్యలేదు. మా అంతట మేమే, తెలివిలో ఉండి, సొంతంగా ఓడించాం నిన్ను. మా పని మాది కాదంటావేమిటి?"

షెడ్డంతా చప్పట్లు. అక్కడితో నేను గట్టెక్కాను. వాళ్ళ వెనక నిలబడి ఊరుకుంటే చాలు, నా మీద మచ్చ లేదు, పదవీ పోదు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ అవ్వ నా వైపు చూసి, "ఇది మాత్రం మీకు నమ్మకంగా వేసింది, దీన్నేం అనకండి," అంది. ఆ మాట నేను మింగలేకపోయాను.

లేచి చెప్పాను. నీకు రాయనన్న సంగతే. ఆ సాయంత్రం జీపు వస్తోందని తెలిసి వీధంతా గుమ్మాలు ఊడ్చుకుని నిలబడింది. పిల్లలకు తలలు దువ్వారు. నేను జీపు దగ్గరికి పరుగెత్తి, "ఒక్కసారి లోపలికి రండి సార్, అందరూ ఎదురు చూస్తున్నారు," అన్నాను. ఆయన జీపు దిగకుండానే, "మీ వీధికి నేను రావాలామ్మా? మీరంతా మనవాళ్ళేగా," అన్నారు. వెనక సీట్లోంచి చిరిగిన జెండాల మూట తీసి నా చేతిలో పెట్టారు. ఆఖరి రోజు ఊరేగింపుకట, పొద్దున్నకల్లా కుట్టి పెట్టమన్నారు. జీపు తిరిగిపోయింది. ఆ మూట పట్టుకుని వీధి పొడుగునా నడిచి రావాలి కదా నేను. ఒక్కో గుమ్మం ముందు నుంచి వస్తుంటే ఒక్కరూ ఏమీ అడగలేదు. ఆ నడక నేను మర్చిపోలేను మరిదీ. జెండాలు కుట్టి ఇచ్చాను. అడిగింది అదొక్కటే కాబట్టి అదొక్కటే ఇచ్చాను.

"మీకు ఓటు కోసం ఊరంతా తిరిగాను," అన్నాను కార్యదర్శిగారితో. "అందులో మోసం లేదు. బూత్‌లోకి వెళ్ళింది మాత్రం వార్డు అధ్యక్షురాలు కాదు, నేను. నేను మీకు వెయ్యలేదు. అడగందే అమ్మయినా పెట్టదు. మీరు నన్ను అడగలేదు." బ్యాడ్జీ తీసి కటింగ్ బల్ల మీద పెట్టాను. "ఇది రాజీనామా కాదు. మీ పెద్దాయన పొమ్మంటే పోతాను. ఉండమంటే ఉంటాను. ద్రోహి అంటే మాత్రం పడను."

అప్పుడు బల్ల అవతలి నుంచి మీ అన్నయ్య గొంతు సవరించుకున్నారు. షెడ్డంతా అటు తిరిగింది. ఆయన నలుగురిలో మాట్లాడగా ఎవరు విన్నారు గనక.

"నేనూ వెయ్యలేదు," అన్నారు.

నాకు తెలియదు రా. ఒకే ఇల్లు, ఒకే కప్పు కింద ఇన్ని నెలలు. నేను ఆయన దగ్గర దాచాను, ఆయన నా దగ్గర దాచారు. నాకు బాధ కలుగుతుందని ఆయన, ఆయనకు కలుగుతుందని నేను. అవ్వ నవ్వి నవ్వి మిషను మీద పడిపోయింది.

కార్యదర్శిగారు లేచి, మొత్తం వీధినే పార్టీ నుంచి వెలివేయవలసి వస్తుందన్నారు. అవ్వ కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు పిలిచావని ఇప్పుడు పొమ్మంటున్నావు?" అని అడిగింది. కార్యదర్శిగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కార్ల దాకా నడిచే వెళ్ళారు.

పేపర్లో ఏం వేసుకుంటారో వేసుకోనీ. ఈ రోజు వీధి మధ్యలోంచి తలెత్తుకుని ఇంటికి వచ్చాను. నీ ఉద్యోగానికి నా వల్ల ఏమవుతుందో అన్నదొక్కటే దిగులు.

వదిన


కేంద్ర కార్యాలయం,
పెద్దాయన గది బయట బల్ల.

వదినా,

దిగులు పడకు. ఉద్యోగం ఉంది. నిన్న మధ్యాహ్నం మాత్రం ఒక గంటసేపు లేదు.

కార్యదర్శిగారు ఇంకా నాలుగు వార్డులు తిరిగి వచ్చేసరికి నీ ఉత్తరం నా జేబులో ఉంది. రాగానే నన్ను కూర్చోబెట్టి కొత్త నివేదిక చెప్పడం మొదలుపెట్టారు. "వీధి మొత్తం ప్రత్యర్థులకు అమ్ముడుపోయింది, వార్డు అధ్యక్షురాలి నాయకత్వంలో." నేను కలానికి మూత పెట్టాను. "ఇది నేను రాయను సార్. ఆవిడ నన్ను పెంచింది. ఆ వీధి నన్ను పెంచింది. ఒకసారి రాసినందుకే అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను," అన్నాను. బయటికి పొమ్మన్నారు. వెళ్ళాను. కానీ మెట్లు దిగకుండా పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఎవరూ పిలవకుండా ఆ గదిలోకి నేను వెళ్ళడం అదే మొదలు. నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను.

బొత్తాలవ్వ మాటల దగ్గర ఆయన నవ్వారు. జీపు దగ్గర నవ్వు ఆగిపోయింది. చదవడం అయ్యాక ఫోన్ తీసి అభ్యర్థిగారికి చేశారు.

"ఆ వీధిలోకి వెళ్ళావా?"

అవతలి మాట నాకు వినపడలేదు. ఏదో పెద్దగా చెబుతున్నారు.

"అవన్నీ సరే. వెళ్ళావా, లేదా?"

ఫోన్ పెట్టేసి నాతో అన్నారు: "మొదటిసారి నిలబడింది నేను. అప్పుడు ఆ వీధిలో ప్రతి గుమ్మం ఎక్కాను. రెండోసారి సగం ఎక్కాను. మూడోసారి నుంచి మనవాళ్ళే కదా అనుకున్నాను. వాడికి నేర్పింది నేనేనయ్యా."

ఆ తర్వాత నా చేత నివేదిక రాయించారు. కార్యదర్శిగారు గుమ్మంలో నిలబడి విన్నారు. పేజీలకు పేజీలు పోయి మూడు వాక్యాలు మిగిలాయి: "ఓటర్ల తప్పు లేదు. కార్యకర్తల తప్పు లేదు. మనం అడగలేదు, వాళ్ళు వెయ్యలేదు." కింద సంతకం ఆయనే చేశారు. ఓటమికి ఈ పార్టీలో ఒక మనిషి సంతకం పెట్టడం నేను చూశాను వదినా. ఆ ఆనందంలో మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయాను.

నీ బ్యాడ్జీ నీదే. ఉంచుకుంటావో లేదో నీ ఇష్టమన్నారు. "పంపించడం మన చేతిలో లేదు, ఉండమని అడగాలి," అన్నారు.

అన్నయ్యతో చెప్పు, ఆయన మాట్లాడిన ఆ రెండు మాటలు పెద్దాయన నా చేత రెండుసార్లు చదివించుకున్నారని.

నీ మరిది


కుట్టు షెడ్డు,
కిటికీ పక్క మిషను.

కలెక్టరుకు,

ఇన్నాళ్ళకు నీ అక్షరాలు చూసి మురిసిపోయాను. మీ అన్నయ్యకు చెప్పాను. "ఊఁ" అన్నారు గానీ, ఆ పూటంతా కత్తెర పక్కన పెట్టి, వచ్చినవాళ్ళందరికీ నీ ఉత్తరం చూపించారు.

నిన్న పొద్దున్న అభ్యర్థిగారు వచ్చారు. జీపు లేదు, మైకు లేదు, పక్కన మనుషులు లేరు. ఎన్నికలు ఎక్కడో ఏళ్ళ దూరంలో ఉన్నాయి. ఒక్కడే వీధి మొదట్లో నిలబడి, ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక చూస్తున్నాడు. ఎవరూ ఎదురెళ్ళలేదు. కష్టమేమిటో తెలియాలి కదా అని మేమూ లోపలే కూర్చున్నాం.

మొదటి గుమ్మం ఇస్త్రీ అక్కది. తలుపు తీసి, ఆయన్ని నిలబెట్టి, మనసులో ఉన్నదంతా కడిగేసింది. కాజాల మేస్త్రి మంచినీళ్ళిచ్చి మరీ తిట్టాడు. ఒక్కో ఇంట్లో ఒక్కో పాట. కొందరు ముఖం మీదే తలుపేశారు. వేసిన తలుపు మీద మళ్ళీ కొట్టాడు. అది మాత్రం నాకు నచ్చింది. బొత్తాలవ్వ దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. అవ్వ ఆయన చేతికి సూదీ దారం ఇచ్చి ఎక్కించమంది. మూడుసార్లు తప్పాడు. "పర్వాలేదులే, కూర్చో. ఓపికుంటే ఎక్కుతుంది," అని పక్కన చోటిచ్చింది. అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో అవ్వ చెప్పడం లేదు, నేను అడగడం లేదు.

చివరికి షెడ్డుకు వచ్చాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మీ అన్నయ్య తల ఎత్తలేదు గానీ కత్తెర ఆపారు.

నా ఎదురుగా నిలబడ్డాడు. నన్ను ఇన్నేళ్ళుగా ఎరిగిన మనిషి. నేను కట్టిన తోరణాల కింద నుంచే నడిచాడు, నేను తెచ్చిన జనం ముందే మాట్లాడాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు జోడించాడు.

"అమ్మా, ఆ రోజు మీరు పిలిస్తే రాలేదు. తప్పు నాదే. వచ్చే ఎన్నికల్లో మీ ఓటు నాకు వేయమని అడగడానికి వచ్చాను."

అంతే అన్నాడు. ఇన్ని గుమ్మాలెక్కి ఇన్ని వందల మందిని నేనడిగిన మాట అది. అడిగించుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షెడ్డంతా నా నోటి వైపే చూస్తోంది. సరే అనెయ్యాలని నోటిదాకా వచ్చింది కూడా, నా బుద్ధి నీకు తెలుసు కదా.

మిషను మీద చెయ్యి ఆనించి, నిటారుగా కూర్చున్నాను.

"ఆలోచించి చెబుతాను. ఇంకోసారి రండి," అన్నాను.

వదిన